ఐబు చెప్పి అమ్మిన మనిషి

బెజవాడ గవర్నర్‌పేటలో నాకు తెలిసిన ప్రెస్సు ఒకటి ఇంకా నడుస్తోంది. మొన్న శుభలేఖల పని మీద అక్కడికి వెళ్తే, ప్రూఫు చూపిస్తానని యజమాని నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్ళాడు. మూలనున్న బల్ల మీద పాత కంప్యూటరు ఒకటి పనిచేస్తోంది. తెర చూడగానే అందులో ఉన్నదేమిటో, పెట్టింది ఎవరో నాకు అర్థమైపోయింది. అయినా అడిగాను.

"ఇది ఎవరు పెట్టారండీ?"

"ఇంకెవరండీ, భాయ్ గారు. ఏడేళ్ళయింది. ఒక్కసారి కూడా మొరాయించలా." అంటూనే ఆయన నా మొహంకేసి చూశాడు. "పోయారు గదండీ ఆయన. మీకు తెలీదా? నిరుడు, రంజాను ముందు."

నాకు తెలియదు. చెప్పేవాళ్ళు కూడా ఎవరూ లేరు. భాయ్ గారికీ నాకూ ఉమ్మడిగా తెలిసినవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు, అందుకు కారణం కూడా చాలావరకు నేనే. ఆ రోజు ప్రూఫులో పెళ్ళికూతురి ఇంటిపేరు తప్పు పడితే గమనించకుండా సంతకం పెట్టి వచ్చేశాను. ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ దెప్పుతున్నారు.

భాయ్ గారికి కొట్టు లేదు. ఒక పాత లాడ్జీలో, మొదటి అంతస్తుకి వెళ్ళే మెట్లు మలుపు తిరిగేచోట ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుని ఉండేవారు. లాడ్జీకి వచ్చేపోయే జనం పెట్టెలు, బ్యాగులు ఆయన మోచేతికి తగిలిస్తూ ఎక్కుతూ దిగుతూ ఉండేవాళ్ళు. బెజవాడ ఎండలో కూడా ఆయన చొక్కా చేతులు మణికట్టు దాకా దించి బొత్తాం పెట్టుకునేవారు. మధ్యాహ్నం రెండు గిన్నెల క్యారియర్ విప్పి, గోడవైపు తిరిగి అన్నం తినేవారు. మెట్లెక్కే వాళ్ళకి ఎదురుగా కూర్చుని తినడం బాగుండదని ఆయన లెక్క. రెండో కుర్చీని రోజూ పొద్దున్నే తడిగుడ్డ పెట్టి తుడిచేవారు. అందులో మనిషి కూర్చున్న రోజులు తక్కువ.

ఆయన అమ్మేది ఫ్రీ సాఫ్ట్‌వేర్. దేశదేశాల వాళ్ళు ప్రోగ్రాములు రాసి, ఎవరైనా వాడుకోండి, కాపీలు తీసి పంచుకోండి అని ఊరికే వదిలేస్తారు చూడండి, అవి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో వాటిని నెట్‌లోంచి దించుకోవడం మామూలు మనిషి వల్ల అయ్యేది కాదు. భాయ్ గారు నెట్ సెంటర్లో రోజుల తరబడి కూర్చుని దించి, సీడీల్లోకి ఎక్కించి, ఒక్కోటి యాభై రూపాయలకి అమ్మేవారు. ఊరికే దొరికేదాన్ని అమ్మడమేమిటని మీకు అనిపిస్తోందా? నాకూ అలాగే అనిపించింది. అక్కడే చెడింది.

సీడీ అమ్మడానికి ఆయనకో పద్ధతి ఉండేది. ముందు మనిషిని కుర్చీలో కూర్చోబెట్టాలి. నిలబడి కొంటానంటే అమ్మరు. తర్వాత సీడీని రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని బల్బుకి ఎదురుగా ఎత్తి, ఒక కన్ను మూసి గీతలేమైనా ఉన్నాయేమో చూసేవారు. అప్పుడు మొదలుపెట్టేవారు.

"ముందు ఐబు చెప్తానండీ. ఇది ఊరికే దొరుకుతుంది. నెట్‌లో ఉంది. మీకు తెలిసినవాళ్ళ దగ్గర ఉంటే కాపీ చేసుకోవచ్చు, తప్పు లేదు. నా దగ్గర కొన్నాక మీరు పదిమందికి కాపీలు తీసిచ్చినా నేనేం అనను, అది మీ హక్కు. ఇప్పుడు చెప్పండి, కావాలా?"

ఐబు అంటే లోపం. వాళ్ళ నాన్న వన్‌టౌన్‌లో పింగాణీ సామాను అమ్మేవాడట. ప్రతి కప్పునీ గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని, బీటుంటే ఉందని చెప్పి తర్వాత ధర చెప్పేవాడట. "ఐబు దాచి అమ్మితే ఆ డబ్బు మాకు అరగదండీ" అన్నారు ఒకసారి. మరి సీడీలో ఐబు ఏముందండీ అంటే, "ఊరికే దొరకడమే దీని ఐబు మాస్టారూ" అన్నారు. నవ్వకుండానే అన్నారు.

ఆయన దగ్గర బేరం ఎలా నడిచేదో నేను ఒకటి రెండుసార్లు చూశాను. ఉయ్యూరు వైపు చిన్న స్కూలు నడిపే ఒక మేడమ్ వచ్చి కూర్చుంది. ఈయన ఐబు చెప్పారు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుంది.

"ఊరికే దొరికేదానికి యాభై ఎందుకండీ?"

"సీడీకి పదిహేను. దించడానికి నాలుగు రోజులు కూర్చున్నా. మిగతాది, మీ స్కూలుకి నేనే వచ్చి పెట్టిస్తానండీ. ఆడకపోతే మళ్ళీ వస్తా."

"ఊరికే దొరుకుతుందని మీరే అన్నారుగా. అయితే ఊరికే దొరికినప్పుడే తీసుకుంటాం లెండి" అని ఆవిడ నవ్వుకుంటూ మెట్లు దిగిపోయింది.

అక్కడికి రెండు సందుల అవతల ఇంకో కొట్టుండేది. వేలకు వేలు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌ని దొంగతనంగా కాపీ కొట్టి, ముప్ఫైకి అమ్మేవాళ్ళు. అక్కడ ఐబులు చెప్పే ఆచారం లేదు. "ఒరిజినలేనండీ, పట్టుకెళ్ళండి" అనేవాళ్ళు. సాయంత్రమైతే ఆ కొట్టు ముందు స్కూటరు పెట్టడానికి చోటుండేది కాదు. ఉయ్యూరు మేడమ్ కూడా అటే వెళ్ళి ఉంటుంది. నేను ఆ కొట్టు గురించి ఏనాడూ ఏ సభలోనూ నోరెత్తలేదు. ఆ సంగతి తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సభలంటున్నాను కాబట్టి నా సంగతి కూడా చెప్పాలి. అప్పుడు నేను ఊరి చివర ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవాణ్ణి. భుజానికి గుడ్డ సంచి, నోరు తెరిస్తే స్వేచ్ఛ. నాలాంటివాళ్ళం ఆరుగురం కలిసి ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంఘం పెట్టి, నెలకో ఆదివారం అద్దె హాల్లో మీటింగు జరిపేవాళ్ళం. జ్ఞానాన్ని అమ్మకూడదని గుక్కతిప్పుకోకుండా గంటసేపు చెప్పగలిగేవాణ్ణి. ఆ జ్ఞానాన్నే కాలేజీలో జీతానికి చెప్తున్నానన్న సంగతి నాకు తట్టలేదు, ఎవరూ గుర్తు చెయ్యలేదు.

భాయ్ గారి దగ్గరికి మొదటిసారి నేను వెళ్ళింది తనిఖీకి. నన్నూ కూర్చోబెట్టి ఐబు చెప్పారు.

"తెలిసి తెలిసి ఎలా అమ్ముతున్నారండీ మరి?" అన్నాను.

"చెప్పి అమ్ముతున్నానండీ" అన్నారు.

ఆ రెండు మాటలకీ మధ్య ఆయనకి కనిపించిన తేడా నాకు కనిపించలేదు. పైగా తప్పు చేసి, చేశానని తలెత్తుకుని చెప్తున్నాడనుకున్నాను.

ప్రతి సీడీతో పాటు రెండో సీడీ కూడా ఇచ్చేవారు. ప్రోగ్రాము రాసినవాళ్ళ అసలు రాత, సోర్సు, అందులో ఉండేది. "ఇది మీకు అక్కరకు రాదండీ. కానీ ఇవ్వాలి, తీసుకోండి" అనేవారు. జనం వాటిని స్కూటరు వెనక మెరుపు కోసం బిగించుకున్నారు. జామచెట్లకి పిట్టలు రాకుండా కట్టుకున్నారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. పోనీ సీడీ ఖర్చన్నా మిగుల్చుకోవచ్చుగా అంటే వినలేదు.

ఒకసారి ఆయనతో మంగళగిరి వెళ్ళాను. చీరల కొట్టాయన కంప్యూటర్లో తెలుగు చీటీలు అచ్చవడం లేదని కబురు పెడితే, సంచీ సర్దుకుని బస్సెక్కారు. తోచక నేనూ ఎక్కాను. మేం వెళ్ళేసరికి కరెంటు పోయింది. రెండు గంటలు రాలేదు. అంతసేపూ ఆయన కంప్యూటరు పెట్టె మీద అరచెయ్యి ఆన్చి, జ్వరమొచ్చిన మనిషి పక్కన కూర్చున్నట్టు కూర్చున్నారు. కాసేపయ్యాక సంచీలోంచి గళ్ళ నోటుబుక్కు ఒకటి తీసి, కొట్టాయనకి చదివి వినిపించడం మొదలుపెట్టారు. ఆ సాఫ్ట్‌వేర్ లైసెన్సుకి, అంటే దాన్ని ఎలా వాడుకోవచ్చో, పంచుకోవచ్చో చెప్పే షరతుల కాయితానికి, తన తెలుగు. ఇంగ్లీషులో అది చదివేవాడే ఉండడు. ఈయన ఒక్కో వాక్యం పట్టుకుని నెలల తరబడి తెలుగులోకి తెస్తున్నారు. కొట్టాయన పరుపుకి జారగిలబడి గుర్రు పెట్టాడు. భాయ్ గారు గొంతు తగ్గించారు గానీ, చదవడం ఆపలేదు.

తిరుగు బస్సులో నా పక్కన కూర్చుని ఆ నోటుబుక్కు మళ్ళీ తీశారు.

"ఈ ముక్క చూడండి మాస్టారూ. 'వారంటీ లేదు' అని ఉందిగదా. దీనికి మూడు రోజులు కూర్చున్నా. ఏ పూచీ లేదు అని రాస్తే, అమ్మేవాడు చేతులు దులుపుకుంటున్నట్టుంది. అందుకని కింద నాది ఒక వాక్యం కలిపా. రాసినవాళ్ళకి పూచీ లేదు, అమ్మిన నాకు ఉంది అని. కలపొచ్చా? లైసెన్సు ఒప్పుకుంటుందనే అనుకుంటున్నా. మీరు చదివే ఉంటారుగా."

"కలపొచ్చండీ" అన్నాను.

నేను లైసెన్సు చదవలేదు. మొదటి పేజీ చూసి ఉంటానేమో. ఏ కాయితం పేరు చెప్పి ఊరూరా ఉపన్యాసాలిచ్చానో ఆ కాయితాన్ని ఆఖరిదాకా చదివిన మనిషి, నాకు తెలిసి మొత్తం బెజవాడలో ఆయనొక్కరే. ఆ చదివిన సంగతి చెప్పుకోవడానికి ఆయనకి దొరికింది నేను. బస్సు బ్యారేజీ మీదికి వచ్చేదాకా ఆయన చదువుతూనే ఉన్నారు, నేను తలూపుతూనే ఉన్నాను. మాస్టారు వింటున్నాడని ఎంత సంబరపడ్డారో ఆయన మొహంలో తెలుస్తూనే ఉంది.

అలాంటి మనిషిని నేను నలుగురిలో నిలబెట్టి దొంగని చేశాను.

ఆ ఆదివారం మీటింగుకి జనం బాగా వచ్చారు. భాయ్ గారు కూడా వచ్చి, మమ్మల్ని అడిగి మరీ హాలు చివర ఒక బల్ల వేసుకుని సీడీలు సర్దుకున్నారు. మా వాళ్ళలో ఒకరిద్దరు గొణిగారు, మన మీటింగులో అమ్మకాలేంటని. నాకు అదే చాలు. మైకు అందుకున్నాను. ఎవరో కష్టపడి రాసి ప్రపంచానికి దానం చేసినదాన్ని, మధ్యలో దూరి అమ్ముకునేవాళ్ళున్నారు అన్నాను. అలాంటివాళ్ళ దగ్గర ఎవరూ కొనొద్దు, వచ్చే నెల నుంచి మేమే సీడీలు ఊరికే పంచుతాం అన్నాను. చప్పట్లు కొట్టారు. పేరు చెప్పలేదు గానీ, హాల్లో అమ్ముతున్నది ఒక్కరే. తలలన్నీ వెనక్కి తిరిగాయి.

భాయ్ గారు లేచి నిలబడ్డారు. చేతిలో నోటుబుక్కు ఉంది.

"మాస్టారూ, నాకో ఐదు నిమిషాలు ఇస్తారాండీ? లైసెన్సు తెలుగులో రాసుకొచ్చా. అందులో అమ్మకం గురించి ఏముందో చదువుతా. తర్వాత మీరు ఎలా చెప్తే అలా చేస్తా."

ఆ గొంతులో కోపం లేదు. కోపముంటే నేను ఇంకోలా జవాబు చెప్పేవాణ్ణేమో. నిజం చెప్పాలంటే భయపడ్డాను. ఆయన చదివితే, నేను చదవలేదన్నది బయటపడుతుంది.

"టైం లేదండీ. పన్నెండింటికి హాలు ఖాళీ చెయ్యాలి" అన్నాను.

అప్పటికి పన్నెండుకి ఇంకా ఇరవై అయిదు నిమిషాలుంది. ఆ ఇరవై అయిదు నిమిషాల్లో మేం టీలు తాగాం, వరసగా నిలబడి ఫొటో దిగాం. ఆయన సీడీలు ఒక్కొక్కటే సంచీలో పెట్టుకుని, వేసుకున్న బల్లని మళ్ళీ గోడకి జరిపి వెళ్ళిపోయారు. ఫొటోలో ఆయన లేరు.

అన్నట్టుగానే తర్వాతి నెల నుంచి ఊరికే పంచాం. జనం ఎగబడి తీసుకున్నారు. రెండో సీడీ మేం ఇవ్వలేదు, ఖర్చని. కొన్ని సీడీలు సగంలో ఆగిపోయేవి, గీతలు చూసే ఓపిక మాకెక్కడిది? వారం తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. ప్రింటరు ఆడట్లేదు, తెలుగు రావట్లేదు, ఎప్పుడొస్తారు అని. ఊరికే ఇచ్చినవాణ్ణి ఇంటికి కూడా రమ్మంటారేంటని విసుక్కున్నాను. పేపర్లు దిద్దాలని కొన్నాళ్ళు, ఊళ్ళో లేనని కొన్నాళ్ళు తప్పించుకున్నాను. ఆర్నెల్లకి సంఘం మూతపడింది. మా దగ్గర తీసుకున్నవాళ్ళు మొహం చెల్లక భాయ్ గారి దగ్గరికి వెళ్ళలేదు. ముప్ఫై రూపాయల కొట్టుకి వెళ్ళారు.

నేను హైదరాబాదు వెళ్ళేముందు ఒకసారి ఆ లాడ్జీ మెట్లెక్కాను. మలుపులో బల్ల లేదు. భాయ్ గారు ఎటు వెళ్ళారని అడిగితే లాడ్జీవాళ్ళు తెలియదన్నారు. బేరాల్లేక ఖాళీ చేశారని మాత్రం చెప్పారు.

హైదరాబాదులో నాకు దొరికిన ఉద్యోగం వింటే నవ్వొస్తుంది. ఇదే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ని ఆఫీసులకి పెట్టించి, బాగోగులు చూసినందుకు ఏడాదికింత అని పుచ్చుకునే కంపెనీ. చేరిన కొత్తల్లో లైసెన్సు చదవక తప్పలేదు. కాపీ ఇచ్చినందుకు ఎంతైనా తీసుకోవచ్చని అందులో శుభ్రంగా రాసుంది. కావాలంటే డబ్బు పుచ్చుకుని పూచీ కూడా ఇవ్వొచ్చని దాని పక్కనే ఉంది. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఇక చదవలేక లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. బస్సులో ఆయన చదివింది ఇదే.

మూడేళ్ళ కిందట బ్యాంకు పని మీద బెజవాడ వచ్చి, వన్‌టౌన్‌లో జిరాక్సు కొట్టు కనపడితే ఆగాను. కాయితాలు అందుకున్న మనిషి చొక్కా చేతులు మణికట్టు దాకా ఉన్నాయి. నేను గుర్తుపట్టేలోగానే ఆయన నన్ను గుర్తుపట్టారు.

"మాస్టారూ, బాగున్నారా? కూర్చోండి, కూర్చోండి."

రేషన్ కార్డులు, గుర్తింపు కార్డులు లామినేషన్ చేస్తున్నారు. వేడి ప్లాస్టిక్ వాసన. ఒక్కో కార్డునీ అంచులు పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూసి పక్కన పెడుతున్నారు. టీ తెప్పించారు. ఏం చేస్తున్నారని అడిగితే, గొంతు తగ్గించి చెప్పాను.

"మంచి పనండీ. డబ్బులు బాగా ఇస్తారా?"

"ఇస్తారండీ."

"తీసుకోవాలి. చేసే పనికి తీసుకోవాలి" అన్నారు. ఆ మాటలో పుల్లవిరుపు ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. "మీవాళ్ళు ముందే చెప్తారాండీ, ఊరికే దొరుకుతుందని?"

కొనేవాడి ముందు ఆ మాట పొరపాటున కూడా అనొద్దని మా ఆఫీసులో నేర్పిస్తారు. నేను తడుముకోవడం చూసి, "కాయితాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది లెండి" అని ఆయనే నన్ను గట్టెక్కించారు.

టీ గ్లాసు కింద పెట్టి, ఇప్పుడు అనకపోతే ఇంకెప్పుడూ అనలేనని మొదలుపెట్టాను.

"భాయ్ గారూ, ఆ రోజు హాల్లో..."

"అయ్యో, దాందేముందండీ" అని వెంటనే అందుకున్నారు. "ఐదు నిమిషాలు దొరికుంటే మీరు ఇచ్చేవారే. బస్సులో అంత ఓపిగ్గా విన్నారు, హాల్లో వినరా? హాలు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది గదా. మీరు మాత్రం ఏం చేస్తారు?"

ఇన్నేళ్ళూ ఆయన అలా అనుకుంటూ ఉన్నారు. జనం దొంగ అన్నారు, బేరాలు పోయాయి, బల్ల పోయింది. అయినా మాస్టారు తనని నమ్మాడని, టైం లేకే ఆపాడని మిగుల్చుకున్నారు. ఆ సంఘంలో, ఆ జనంలో ఆయనకి తన మనిషిగా మిగిలింది నేనొక్కణ్ణే. నిజం చెప్పేస్తే నేనూ ఉండను.

ఆయన కోసమే ఆగిపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాదు. దొంగననిపించుకోవడం ఎలా ఉంటుందో ఆయన మొహంలో ఒకసారి చూసి ఉన్నాను కాబట్టి, నేను అనిపించుకోలేకపోయాను. "అవునండీ, హాలు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది" అన్నాను.

జిరాక్సుకి డబ్బులు తీసుకోలేదు. మళ్ళీ ఎప్పుడొస్తారు మాస్టారూ అని గుమ్మం దాకా వచ్చి అడిగారు. ఈసారి తీరిగ్గా వస్తానన్నాను.